ఫోన్లో ఎండ, ఒడ్డున మంచు: సముద్రం మీది పొగమంచు కంప్యూటర్లకు ఎందుకు చిక్కడం లేదు

జనవరిలో ఒక తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం ఒడ్డున నిలబడ్డాను. ఎదురుగా సముద్రం ఉందని చెవులకు తెలుస్తోంది గానీ కళ్ళకు తెలియడం లేదు. ఇసుక మీదకి లాగి పెట్టిన పడవ ముక్కు కనిపిస్తోంది, వెనక సగం కనిపించడం లేదు. వల మడతల మీద, తాళ్ళ మీద, పక్కనున్న కుర్రాడి కనుబొమ్మల మీద కూడా సన్నటి నీటి పూసలు. ఫోన్ తీసి వాతావరణం యాప్ తెరిస్తే పసుపు సూర్యుడి బొమ్మ, దాని కింద "నిర్మలంగా ఉంది, 20 డిగ్రీలు". బీడీ కాలుస్తూ కూర్చున్న పెద్దాయన ఒకాయన తొంగిచూసి, "ఏటి బాబూ, నీ ఫోనుకి కళ్ళు అగుపించట్లేదేటి?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ అడిగింది మాత్రం సరైన ప్రశ్నే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య తీరం దాటుతుందని ముందే చెప్పారు, 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. అంత పెద్ద తుపాను దారి ముందే చెప్పగలిగినవాళ్ళు రేపు పొద్దున ఊరి ముందు మంచు పడుతుందా లేదా అన్నది ఎందుకు చెప్పలేకపోతున్నారు? ఇప్పుడు భోగాపురంలో, సముద్రానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే విమానాశ్రయం కట్టారు కాబట్టి ఈ ప్రశ్న వేటకెళ్ళేవాళ్ళది మాత్రమే కాకుండా పోయింది, సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విమానంలో వద్దామనుకునేవాళ్ళది కూడా అయింది.

ఒక రకంగా తుపాను చెప్పడమే సులువు. అది వందల కిలోమీటర్ల వెడల్పున్న జంతువు, ఉపగ్రహానికి కనిపిస్తుంది, దాన్ని తోసే గాలులు ఇంకా పెద్దవి. పొగమంచు మందం చాలాసార్లు వంద మీటర్లు, ఒక్కోసారి తాటిచెట్టంత కూడా ఉండదు.

మంచు అన్నమాట కింద ఎన్ని ఉన్నాయి

మనం గడ్డి మీద పడే నీటి బొట్టునీ మంచు అంటాం, హిమాలయాల్లో కురిసేదాన్నీ మంచు అంటాం, రోడ్డు కనిపించకుండా చేసేదాన్నీ మంచే అంటాం. ఈ వ్యాసంలో మాట్లాడేది మూడోదాని గురించి. నేలకో నీటికో ఆనుకుని ఉన్న మేఘమే పొగమంచు. పైనున్నప్పుడు మేఘం, కిందకి దిగితే పొగమంచు, లోపలి సరుకు ఒకటే: వెంట్రుక మందంలో నాలుగో వంతో ఐదో వంతో ఉండే నీటి చుక్కలు.

వాతావరణ శాఖవాళ్ళు దీన్ని చూపుతో కొలుస్తారు. చూపు కిలోమీటరు కంటే తగ్గితేనే పొగమంచు. అంతకంటే కాస్త దూరం కనిపిస్తుంటే అది పలచని మంచుతెర, లెక్కలోకి రాదు. 200 నుంచి 500 మీటర్ల మధ్య కనిపిస్తే ఒక మోస్తరు, 50 నుంచి 200 అయితే దట్టం, 50 మీటర్లు కూడా కనిపించకపోతే అతి దట్టం. ఆ రోజు కళింగపట్నంలో సగం పడవ మాత్రమే కనిపించింది కాబట్టి అది ఏ తరగతో చెప్పక్కర్లేదు.

ఇక్కడే మొదటి చిక్కుంది. వాతావరణ మోడల్, అంటే రేపటి వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం, నేరుగా లెక్కగట్టేది గాలి, ఉష్ణోగ్రత, తేమ, పీడనం లాంటివి. చూపు అన్నది ఆ లెక్కల్లో లేదు. అన్నీ తేలాక చివర్లో ఒక సూత్రం పెట్టి చూపును అంచనా కడతారు. అంటే ముందరి లెక్కలన్నింటిలో ఉన్న పొరపాట్లు పోగై చివర్లో దీని మీద పడతాయి.

సముద్రం మీద మంచు పుట్టే దారులు

నిజమైన సముద్రపు మంచు అంటే వెచ్చటి, తేమ నిండిన గాలి చల్లటి నీటి మీదకి వచ్చి చల్లబడి మంచుగా మారడం. మండువేసవిలో ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట చెమట పట్టినట్టే, కాకపోతే ఇక్కడ సీసా స్థానంలో సముద్రం ఉంది, చెమట గాలిలోనే తేలుతుంది. కెనడా పక్కన న్యూఫౌండ్లాండ్ దగ్గర ఉత్తరం నుంచి వచ్చే లాబ్రడార్ చల్లటి ప్రవాహం, దక్షిణం నుంచి వచ్చే గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చటి నీరు పక్కపక్కన పారతాయి. అందుకే ప్రపంచంలో ఎక్కువ మంచు పట్టే సముద్రాల్లో అదొకటి. చైనా, కొరియాల మధ్య పసుపు సముద్రంలో ఏప్రిల్ నుంచి జూలై దాకా ఇదే కథ. శాన్‌ఫ్రాన్సిస్కో ఒడ్డున వేసవి మంచుకు లోతుల్లోంచి పైకొచ్చే చల్లటి నీరు కారణం.

ఇందులో శాస్త్రం మొదలైంది కూడా న్యూఫౌండ్లాండ్ దగ్గరే. 1912లో టైటానిక్ మునిగాక, మరుసటి ఏడాది మంచుకొండల్ని గమనించడానికి స్కోషియా అనే ఓడను పంపారు. అందులో జి.ఐ. టేలర్ అనే యువ శాస్త్రవేత్త గాలిపటాలకు పరికరాలు కట్టి ఎగరేసి, ఎంత ఎత్తులో ఎంత చలి ఉందో కొలిచాడు. నీటి దగ్గర గాలి ఎలా చల్లబడుతుంది, ఆ చల్లదనం సుడులు తిరిగే గాలి ద్వారా పైకి ఎలా పాకుతుంది అన్నది ఆ కొలతల నుంచే తేల్చాడు. గాలిపటం కట్టి ఎగరేసినవాడి లెక్కలే ఈనాటి సూపర్ కంప్యూటర్ల లోపల ఇంకా తిరుగుతున్నాయంటే నాకు సరదాగా ఉంటుంది.

రెండో దారి దీనికి తిరగేసినది. బాగా చల్లటి గాలి వెచ్చటి నీటి మీదకి వస్తే నీరు పొగలు కక్కుతుంది. చలికాలం పొద్దున్నే ఊరి చెరువు మీద, నాగావళి మీద ఇది చూసే ఉంటారు. మూడోది, సముద్రం మీద తక్కువ ఎత్తులో పరుచుకున్న మేఘం రాత్రి పైభాగం చల్లబడి మెల్లగా కిందకి దిగి నీటిని తాకడం.

ఇంకో చిన్న విషయం. ఉప్పునీటికి పైనున్న గాలి, ఆ నీటి ఆవిరితోనే తేమ నింపుకుంటే సుమారు 98 శాతం దగ్గర ఆగిపోతుంది, ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది మరి. కాబట్టి "సముద్రం పక్కన తేమకు ఏం తక్కువ, మంచు దానంతటదే వస్తుంది" అనుకోవడం సరికాదు. ఆ చివరి రెండు శాతం కోసం గాలి చల్లబడి తీరాలి.

మన ఒడ్డున చూసేది సముద్రపు మంచేనా

చాలా రోజులు కాదు. జనవరిలో మన తీరం దగ్గర నీరు సుమారు 25, 26 డిగ్రీలు ఉంటుంది. అదే సమయానికి ఒడ్డున తెల్లవారుజామున 17, 18కి పడిపోతుంది. నీరే వెచ్చగా, గాలే చల్లగా ఉన్నప్పుడు పైన చెప్పిన సీసా కథ జరగదు.

జరిగేది వేరు. వరి కోసేశాక చేలల్లో పెసర, మినుము వేస్తారు, "మంచుకే పండే పంట" అంటారు కదా, అదే. అడుగున తడి ఇంకా ఆరి ఉండదు. ఆకాశం నిర్మలంగా, గాలి నిలిచిపోయినట్టుగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది, నేలకు ఆనుకున్న గాలి కూడా చల్లబడి అందులోని తేమ మంచు అవుతుంది. ఆ తర్వాత రాత్రిపూట నేల మీంచి సముద్రం వైపు వీచే సన్నటి గాలి దాన్ని వంశధార వాలు వెంట, ఏటి దారి వెంట నెమ్మదిగా ఒడ్డుకి తోస్తుంది. కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి, ఈ ఏటి మొగలన్నీ మంచుకి వీధులు లాంటివి. అలా సముద్రం మీదకి పాకిన మంచును అడుగునున్న వెచ్చటి నీరు కొద్ది దూరం పోయేసరికి కరిగించేస్తుంది. ఒడ్డున నిలబడి చూసేవాడికి మాత్రం సముద్రమంతా మంచే.

అయితే ఫిబ్రవరి చివర, మార్చిలో కథ కొంచెం మారే వీలుంది. అప్పటికి గాలి నైరుతి నుంచి తీరం వెంట వీచడం మొదలెడుతుంది. అలా వీచే గాలి పైనీటిని తీరం నుంచి సముద్రం లోపలికి నెట్టేస్తే, కింద నుంచి చల్లటి నీరు పైకొస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఆయనతో పనిచేసిన మనవాళ్ళు వాల్తేరు తీరంలో ఈ పైకి ఉబికే నీటిని కొలిచారు. దక్షిణం నుంచి వచ్చే తేమగాలి ఆ సన్నటి చల్లటి పట్టీ మీదకి వస్తే అసలైన సముద్రపు మంచుకి కావాల్సిన సరంజామా అంతా సిద్ధమైనట్టే. పట్టీ సన్ననిది కాబట్టి న్యూఫౌండ్లాండ్ అంత పెద్ద వ్యవహారం ఎప్పటికీ కాదనుకోండి.

ఈ తేడా పండితుల గొడవ అనిపించొచ్చు గానీ, మోడల్‌కి ఇది ప్రాణం. నేల మంచు అయితే మోడల్‌కి చేను తడి, రాత్రి ఆకాశం, నిలిచిన గాలి సరిగ్గా తెలియాలి. సముద్రపు మంచు అయితే నీటి వేడి, గాలి దిశ సరిగ్గా తెలియాలి. మన ఒడ్డుకి రెండూ తెలియాలి, రెండిటి అంచులోనే మనం ఉన్నాం.

డిగ్రీలో పదో వంతు

ఈ వ్యాసంలో ఒక్క లెక్క మాత్రమే గుర్తుంచుకోవాలనుకుంటే అది ఇదే.

20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి, అంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు పెట్టెలో పట్టేంత గాలి, సుమారు 17.3 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 19 డిగ్రీలైతే 16.3. అంటే పూర్తిగా నిండిన గాలి ఒక డిగ్రీ చల్లబడితే దాదాపు ఒక గ్రాము నీరు చుక్కలుగా బయటికి రావాలి.

ఇప్పుడు మంచులో ఎంత నీరుంటుందో చూద్దాం. మంచులోని నీటిని బట్టి చూపు ఎంతో చెప్పడానికి 1984లో కుంకెల్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రాన్ని చాలా మోడళ్ళు వాడాయి. దాని ప్రకారం ఘనపు మీటరుకి 0.02 గ్రాముల నీరుంటే చూపు సుమారు 840 మీటర్లు. 0.05 అయితే 375. 0.1 అయితే 205. 0.2 అయితే 110. మందు డ్రాపరులోంచి పడే ఒక్క చుక్క దాదాపు 0.05 గ్రాములుంటుంది. అందులో సగం కూడా లేని నీటిని మీటరు పెట్టెంత గాలిలో పొడిగా చల్లితే పొగమంచు అనిపించుకుంటుంది, రెండు చుక్కలు చల్లితే దాదాపు దట్టమైన మంచు.

రెండు లెక్కలూ కలపండి. దట్టమైన మంచుకి కావాల్సింది 0.1 గ్రాము, ఆ నీరు రావడానికి సరిపడే చల్లదనం డిగ్రీలో పదో వంతు. రాత్రి పదింటికి ఒడ్డున 23 డిగ్రీలు ఉందనుకుందాం, గాలిలో తేమ 20 డిగ్రీల దగ్గర మంచుగా మారేంత ఉందనుకుందాం. ఒక మోడల్ తెల్లవారుజాముకి 19.9కి పడిపోతుందంది: చూపు 205 మీటర్లు. ఇంకో మోడల్ 20.3 దగ్గర ఆగుతుందంది: మంచే లేదు, యాప్‌లో సూర్యుడి బొమ్మ. రెండిటికీ తేడా 0.4 డిగ్రీలు. మామూలుగా రేపటి కనిష్ఠ ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ తేడాతో చెబితే "భలే చెప్పారు" అంటాం, పేపర్లో కూడా ఎవరూ తప్పు పట్టరు. అదే ఒక డిగ్రీ మంచు విషయంలో కొండంత.

(నిజంలో ఇంకా మెలికలున్నాయి. కొంత నీరు గడ్డి మీద బొట్లుగా పడిపోతుంది, ఆవిరి నీరయ్యేటప్పుడు వేడి వదిలి చల్లబడడాన్ని కాస్త ఆపుతుంది. లెక్క స్థూలంగా ఇదే.)

కంప్యూటర్ లోపల కళింగపట్నం

మోడల్ అంటే భూమిని గళ్ళుగా కోసి, ఒక్కో గడికీ ఒక ఉష్ణోగ్రత, ఒక తేమ, ఒక గాలి ఇచ్చి, నిమిషాల చొప్పున ముందుకు లెక్కగట్టుకుంటూ పోయే ప్రోగ్రాం. ఈ ఆలోచనను లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1922లోనే పుస్తకంగా రాశాడు, చేత్తో లెక్కలు వేసి, ఘోరంగా తప్పిపోయి కూడా ఆ తప్పును దాచకుండా అచ్చు వేశాడు. 1950లో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద ఇరవైనాలుగు గంటల సూచన లెక్కించడానికి దాదాపు ఇరవైనాలుగు గంటలే పట్టింది.

మన దేశంలో చాలాకాలంగా నడుస్తున్న ప్రపంచ మోడళ్ళ గడి 12 కి.మీ. 2025 మేలో పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ దాన్ని 6 కి.మీ.కి తెచ్చింది. మంచి అడుగే. కానీ 12 కి.మీ. గడిని కళింగపట్నం మీద పెట్టి చూడండి: ఒకే గడిలో సగం సముద్రం, కొంత ఇసుక, కొంత వరిచేను, వంశధార మొగ, శ్రీకాకుళం రోడ్డు. మోడల్‌కి ఇవన్నీ కలిపి ఒకటే సగటు. పప్పు, చారు, పెరుగు ఒకే గిన్నెలో కలిపేసి రుచి ఎలా ఉందని అడిగినట్టు. ఏటి దారిన పాకే మంచు ఆ సగటులో ఎక్కడా ఉండదు.

గడి చిన్నది చేస్తే సరిపోదా? చేశారు కూడా. ఢిల్లీ విమానాశ్రయం మంచు కోసం నోయిడాలోని వాతావరణ సూచన కేంద్రం ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్ 330 మీటర్ల గళ్ళతో ప్రత్యేక మోడల్ నడిపింది. ఖర్చు చూడండి మరి: గడి వెడల్పు సగం చేస్తే గళ్ళు నాలుగింతలు అవుతాయి, లెక్క అడుగు సమయం కూడా సగం చేయాలి, మొత్తం పని ఎనిమిదింతలు. 12 కి.మీ. నుంచి 330 మీటర్లకి దిగితే అదే ప్రాంతానికి దాదాపు 48 వేల రెట్లు. 2024 సెప్టెంబరులో మొదలైన పుణె అర్క, నోయిడా అరుణిక కంప్యూటర్లు పెద్దవే గానీ దేశమంతటికీ ఆ గడి వేయడం వాటివల్ల కూడా కాదు. అందుకే ఢిల్లీకి దొరికిన గడి కళింగపట్నానికి దొరకలేదు.

వెడల్పు ఒక్కటే కాదు, ఎత్తు కూడా ఉంది. మంచు మొదట పుట్టేది నేల నుంచి పది ఇరవై మీటర్లలో. యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ సూచన కేంద్రం మోడల్‌లో గాలిని నిలువునా 137 పొరలుగా కోస్తారు, అన్నిటికన్నా కింది పొర సుమారు 10 మీటర్ల దగ్గర ఉంటుంది. మంచు పుట్టే ఎత్తులో అలాంటి పొరలు ఒకటో రెండో ఉంటాయి, మంచు ఎలా పొరలు పొరలుగా పెరుగుతుందో వాటితోనే చెప్పాలి.

ఇక గాలి సుడులు. గాలి బొత్తిగా లేకపోతే నేల దగ్గరి తేమ అంతా గడ్డి మీద నీటి బొట్లుగా పడిపోతుంది, గాలిలో మంచు ఉండదు. గాలి ఎక్కువైతే పైనున్న పొడిగాలి వచ్చి కలిసి మంచును చెదరగొడుతుంది. సన్నగా, చెంపకు తగిలీ తగలనట్టు వీచాలి. ఆ సన్నటి సుడులు మీటర్లలో ఉంటాయి, వేటినీ ఏ గడీ పట్టలేదు, కాబట్టి వాటి ప్రభావాన్ని సూత్రాలతో ఊహించాలి. సముద్రం మీద మాత్రం గట్టి గాలిలో కూడా మంచు నిలబడుతుంది, అక్కడ సూత్రం వేరు. ఎందుకు నిలబడుతుందో చూడ్డానికే 2018లో సీ-ఫాగ్ అనే బృందం న్యూఫౌండ్లాండ్, నోవాస్కోషియాల దగ్గర పరికరాలు పెట్టింది. తర్వాత ఫాతిమా అనే ప్రాజెక్టులో 2022లో న్యూఫౌండ్లాండ్ పక్కనున్న గ్రాండ్ బ్యాంక్స్ సముద్రం, 2023లో పసుపు సముద్రం చూసి వచ్చారు. టేలర్ గాలిపటం ఎగరేసి వందేళ్ళు దాటాక మళ్ళీ ఓడెక్కి అదే నీళ్ళలోకి వెళ్ళాల్సి వచ్చిందన్నమాట.

నీటి వేడి ఎంతో మోడల్‌కి ఎవరు చెప్పాలి

మోడల్ మొదలయ్యేది ఈ క్షణం ఎలా ఉందో తెలిసిన చోట నుంచి. తెల్లవారుజామునా సాయంత్రమూ విశాఖలో, భువనేశ్వర్‌లో పరికరాలు కట్టిన బెలూన్లు ఎగరేస్తారు. మధ్యలో ఉన్న మన తీరం పైన ఏముందో ఆ రెంటినీ బట్టి, ఉపగ్రహాల్ని బట్టి అంచనా. నీటి వేడికి సముద్రంలో చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ వాళ్ళు కట్టిన బోయాలు, అంటే పరికరాలు మోస్తూ తేలే బుడ్డీలు, ఉన్నాయి గానీ అవి తక్కువ, ఎక్కువగా లోపలెక్కడో ఉంటాయి. ఉపగ్రహాల్లో పరారుణ కిరణాలతో కొలిచేవి మబ్బుంటే చూడలేవు. మైక్రోవేవ్‌తో కొలిచేవి మబ్బులోంచి చూస్తాయి గానీ ఒడ్డుకి పదుల కిలోమీటర్ల లోపు నేల సిగ్నల్ కలిసిపోయి పనికిరావు. మంచు పట్టేది, పడవలు తిరిగేది సరిగ్గా ఆ పదుల కిలోమీటర్లలోనే.

పైగా మన బంగాళాఖాతం అల్లరిది. నదులు తెచ్చే మంచినీరు పైన పలచని పొరలా పరుచుకుని ఉంటుంది. చలికాలంలో ఆ పైపొర తొందరగా చల్లబడి, కింద నీరే వెచ్చగా ఉండే రోజులుంటాయి. తీరం వెంట ప్రవాహం దీపావళి రోజుల్లో దక్షిణానికి పారి, ఫిబ్రవరి దాటాక ఉత్తరానికి తిరుగుతుంది. ఇదంతా ఒక డిగ్రీ అటూ ఇటూ తేడా తెచ్చే సంగతి, డిగ్రీలో పదో వంతుకి ఎంత విలువుందో పైన చూశాం.

మంచు పట్టాక ఉపగ్రహం చూడలేదా అంటే, రాత్రిపూట ఇన్‌శాట్ ఉపగ్రహాలు రెండు రకాల పరారుణ కిరణాల తేడాతో మంచును గుర్తుపట్టగలవు. కానీ పైనుంచి చూసేదానికి నేలనంటిన మంచు, మూడొందల మీటర్ల ఎత్తులో ఆగిన మేఘం దాదాపు ఒకేలా ఉంటాయి, పైన ఇంకో ఎత్తైన మబ్బు ఉంటే రెండూ కనిపించవు.

నీరు అంతే, చూపు వేరు: భోగి రోజు లెక్క

ఇంతవరకూ ఎంత నీరు అని మాట్లాడాం. ఎన్ని చుక్కలు అన్నది కూడా ముఖ్యమే. నీటి ఆవిరి ఊరికే చుక్క కాదు, పట్టుకోవడానికి ఒక నలుసు కావాలి: ఉప్పు కణం, దుమ్ము, పొగ. నలుసులు ఎక్కువైతే అదే నీరు ఎక్కువమందికి పంచినట్టు చిన్న చిన్న చుక్కలవుతుంది, చిన్న చుక్కలు ఎక్కువుంటే వెలుతురును ఎక్కువ చెదరగొడతాయి.

2006లో గుల్టెపె బృందం ఇచ్చిన సూత్రం నీటితో పాటు చుక్కల సంఖ్యను కూడా లెక్కలోకి తీసుకుంది. ఘనపు మీటరుకి 0.1 గ్రాము నీరు, ఘనపు సెంటీమీటరుకి 50 చుక్కలు ఉంటే చూపు సుమారు 350 మీటర్లు. నీరు అంతే ఉంచి చుక్కలు 200 చేస్తే సుమారు 145 మీటర్లు. ఒక మోస్తరు మంచు కాస్తా దట్టమైన మంచయింది, ఒక్క చుక్క నీరు కూడా ఎక్కువ కాలేదు.

మన దగ్గర దీనికి భోగి కంటే మంచి ఉదాహరణ లేదు. తెల్లవారుజామున నాలుగింటికి, గాలి నిలిచిపోయి తేమ అంచున ఉన్న వేళ, ఊరూరా వీధివీధినా మంటలు. చెన్నైలో భోగి పొగ, మంచు కలిసి విమానాలు ఆలస్యమైన ఏళ్ళున్నాయి. చాలా మోడళ్ళలో సముద్రం మీద చుక్కల సంఖ్య ఒక స్థిరమైన అంకెగా పెట్టేసి ఉంటుంది. జనవరి 10కి ఎంతో, 13కీ అంతే. మోడల్‌కి పంచాంగం తెలియదు. ఢిల్లీ శీతాకాలపు మంచు మీద ఐఐటీఎం 2015 చలికాలం నుంచి వైఫెక్స్ పేరుతో చేస్తున్న కొలతలు ఈ నలుసుల సంగతిని కూడా మోడళ్ళకి నేర్పడానికే.

చుక్కలు ఎంతసేపు తేలతాయన్నదీ పరిమాణాన్ని బట్టే. 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుక్క సెకనుకి సెంటీమీటరు పైచిలుకు కిందకి దిగుతుంది, గంటకి నలభై మీటర్లు. ఉప్పు కణాల మీద పుట్టిన పెద్ద చుక్కలు తొందరగా రాలిపోతే మంచు పలచబడుతుంది, పొగ నలుసుల మీద పుట్టినవి అలా వేలాడుతూనే ఉంటాయి.

చిన్న గళ్ళా, ఎక్కువ లెక్కలా, ఏఐయా

దీన్ని బాగుచేయడం గురించి నిపుణుల్లో మూడు నాలుగు వాదాలున్నాయి, ఒకరి మాట ఇంకొకరు పూర్తిగా కొట్టిపారేయరు గానీ డబ్బు ఎక్కడ పెట్టాలన్న దగ్గర విడిపోతారు.

గడి చిన్నది చేయాలనేవాళ్ళు అంటారు: ఏరు, చేను, ఒడ్డు కనిపించని మోడల్ ఎన్నిసార్లు నడిపినా అదే తప్పు చేస్తుంది. వాళ్ళ మాటలో బలముంది, మన ఏటి మొగల మంచుకి మరీ. ఎదుటివాళ్ళు అంటారు: నీటి వేడే ఒక డిగ్రీ తప్పుగా ఇచ్చి గడి చిన్నది చేస్తే, తప్పును ఇంకా స్పష్టంగా చూపించినట్టు అవుతుంది, అంతే. అదీ నిజమే. వీళ్ళు ఒకే మోడల్‌ను మొదటి విలువలు కొద్దిగా మార్చి ఇరవైసార్లు నడపమంటారు. ఇరవైలో ఆరింటిలో మంచు వస్తే "30 శాతం" అని చెప్పొచ్చు. మన వాతావరణ శాఖ 2018 జూన్ నుంచి 12 కి.మీ. గళ్ళతో 21 నడకల వ్యవస్థ ఇలాగే నడిపింది. కంప్యూటర్ శక్తి ఒకటే కాబట్టి ఇరవైసార్లు నడపాలంటే గడి పెద్దదిగా ఉంచాలి, గడి చిన్నది చేస్తే ఇరవైసార్లు నడపలేరు. కుండ ఒకటే, ఎసరు ఎక్కడ పెట్టాలన్నదే గొడవ.

ఏఐ మోడళ్ళ సంగతి వేరు. గూగుల్ డీప్‌మైండ్ వారి గ్రాఫ్‌కాస్ట్, హువావే వారి పాంగు 2023లో పేరు తెచ్చుకున్నాయి, యూరప్ కేంద్రం తన ఏఐ మోడల్‌ను 2025 ఫిబ్రవరి నుంచి రోజువారీ పనిలో పెట్టింది. తుపాను దారుల్లో ఇవి బాగా చేస్తున్నాయి. మంచు దగ్గరకొస్తే మాత్రం గ్రాఫ్‌కాస్ట్, పాంగు నేర్చుకున్నది సుమారు 25, 30 కి.మీ. గళ్ళ పాత రికార్డుల నుంచి, అవి ఇచ్చే ఫలితాల్లో చూపు అనే అంకే లేదు. ఇంకో రకం ఏఐ వాడకం నాకు ఎక్కువ ఆశ కలిగిస్తుంది: ఒక ఊరి పరిశీలన కేంద్రంలో పదేళ్ళ రికార్డు తీసుకుని, "మోడల్ 20.3 అన్న రోజుల్లో ఇక్కడ నిజంగా ఎన్నిసార్లు మంచు పట్టింది" అని నేర్పి మోడల్ జవాబును దిద్దడం. కళింగపట్నంలో వాతావరణ శాఖ కేంద్రం ఉంది కాబట్టి అక్కడ ఇది కుదురుతుంది. ఏ కేంద్రమూ లేని ఊళ్ళకి దేన్ని చూపించి నేర్పుతారు?

"నూటికి తొంభై సార్లు కరెక్ట్" అన్నమాట వెనక

ఏ యాప్ ఎంత నమ్మకమో చెప్పే ప్రకటనలు చదివేటప్పుడు ఈ లెక్క గుర్తొస్తుంది నాకు. అంకెలు ఊహించినవే. చలికాలం 90 రోజులు, అందులో 9 రోజులు మంచు పట్టింది అనుకుందాం. ఒక మోడల్ రోజూ "మంచు లేదు" అంటుంది. 81 రోజులు కరెక్ట్, అంటే నూటికి 90. ఇంకో మోడల్ 14 రోజులు మంచు అంది, అందులో 6 నిజమయ్యాయి, 8 ఊరికే బెదిరించాయి, 3 రోజులు మంచు పట్టినా చెప్పలేదు. మొత్తం 79 రోజులు కరెక్ట్, నూటికి 88 కూడా పూర్తిగా లేదు. మార్కుల్లో మొదటిదే గెలిచింది, కానీ అది ఒక్క మంచు రోజునీ పట్టలేదు, రెండోది తొమ్మిదిలో ఆరు పట్టింది.

అందుకే నిపుణులు ఈ "కరెక్ట్ శాతం" చూడరు. పట్టిన మంచులో ఎంత చెప్పింది (ఇక్కడ 67 శాతం), చెప్పినదాంట్లో ఎంత వృథా (57 శాతం) అన్న రెండూ విడివిడిగా చూస్తారు. ఒకటి పెంచితే రెండోదీ పెరుగుతుంది, అనుమానం ఎక్కువున్న పోలీసు ఎక్కువమంది దొంగల్నీ పడతాడు, ఎక్కువమంది అమాయకుల్నీ ఆపుతాడు.

ఎంత అనుమానం సరైనది అన్నది వినేవాడిని బట్టి ఉంటుంది. మళ్ళీ ఊహే: ఒక పడవ ఒక పూట ఆగిపోతే రెండు వేలు నష్టం, మంచులో వేరే పడవకి తగిలితే నలభై వేలు నష్టం అనుకుందాం. రెండు వేలు నలభై వేలలో ఇరవయ్యో వంతు, అంటే మంచు వచ్చే అవకాశం 5 శాతం దాటితే లెక్క ప్రకారం ఆగడమే లాభం. ఒక విమాన సంస్థకి అదనపు ఇంధనం వేసుకోవడానికి లక్ష, దిగలేక వేరే ఊరు పోతే నాలుగు లక్షలు అనుకుంటే, వాళ్ళ గీత 25 శాతం దగ్గర ఉంటుంది. రేపటికి 15 శాతం అని వచ్చిందనుకోండి, అదే అంకె చూసి పడవ ఆగుతుంది, విమానం మామూలుగా బయల్దేరుతుంది, ఇద్దరిదీ తప్పు కాదు. నా ఫోన్లోని యాప్ 15నీ, 40నీ కూడా పసుపు సూర్యుడి బొమ్మ కిందే దాచేస్తుంది. ఆ బొమ్మ వెనక ఉన్న మోడల్‌కి ఆ పొద్దున మంచు పట్టే అవకాశం కొంత ఉందని తెలిసే ఉండొచ్చు, మనదాకా రానివ్వలేదు.

ఆ రోజు పెద్దాయన మళ్ళీ అడిగింది మాత్రం ఇంకోటి: "పడతాదో లేదో తర్వాత, పట్టినది ఎప్పుడు ఇడుస్తాదో సెప్పగలదా నీ ఫోను?" మన నేల మంచయితే సూర్యుడొచ్చి నేల వేడెక్కితే అడుగు నుంచి విడిపోతుంది, ఎంత మందంగా ఉంటే అంత ఆలస్యం. ఆ మందమే మోడల్‌కి సరిగ్గా తెలియనిది. నీటి మీద పుట్టిన మంచుకి ఆ దారి లేదు, పగలంతా ఎండ కాసినా నీరు ఒక డిగ్రీ కూడా కదలకపోవచ్చు, గాలి మారాలి. ఎనిమిది దాటాక ముందు ఊరి వైపు సరుగుడు తోట కనిపించింది, తర్వాత లైట్‌హౌస్ పైభాగం, తర్వాత పడవ వెనక సగం. నీటి మీద ఇంకో అరగంట తెల్లటి గోడలా నిలబడి, అడుగు నుంచి లేచిపోయింది. ఫోన్లో సూర్యుడి బొమ్మ అలాగే ఉంది. పెద్దాయన అప్పటికి సగం దూరం వెళ్ళిపోయాడు.